రెండు రోజులు, ఇద్దరికి ఐదు వేలు: కర్నూలు చూసి రావడం ఎలా?

హైదరాబాద్ నుంచి తిరుపతికో బెంగళూరుకో పోయేవాళ్లంతా కర్నూలును బస్సు కిటికీలోంచి చూసినవాళ్లే. తుంగభద్ర వంతెన, ఆ వెంటనే ఊరు, బస్టాండులో పది నిమిషాలు, ఒక టీ. అంతే. "మీ ఊరి మీదుగా ఇరవైసార్లు పోయుంటాను. దిగితే చూడ్డానికి ఏమన్నా ఉందా? శని, ఆదివారాల్లో వచ్చిపోతే ఎంతవుతుంది?" అని ఎవరో ఒకరు అడగని నెల లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్తూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

హైదరాబాద్ నుంచి వచ్చే ఇద్దరిని మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. అనంతపురం, బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ మార్చుకోవాలో ఆ చోటనే చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఇలాంటి ప్రయాణాల్లో డబ్బు కారిపోయేది పెద్ద టికెట్ల దగ్గర కాదు. రెండే చోట్ల. ఊరికి దూరంగా ఉన్న చోటికి బస్సులో సులువుగా పోతాం, తిరిగి రావడానికి ఏమీ దొరక్క అడిగినంత ఇచ్చి ఆటో ఎక్కుతాం. రెండోది మధ్యాహ్నం. పన్నెండు నుంచి నాలుగు దాకా మా రాయలసీమ ఎండలో ఎక్కడుండాలో తెలియక, చల్లగా కనబడిన ప్రతి హోటల్లోకీ దూరి, అక్కర్లేనివి తిని బయటపడతాం. తిరుగుదారి, మధ్యాహ్నం. ఈ రెండూ ముందే కాగితం మీద పెట్టినవాళ్లకు మిగతాదంతా కష్టం లేకుండా జరిగిపోతుంది.

కావలసినవి

- అందరి ఆధార్ కార్డులు, ఒరిజినల్సే. లాడ్జిలో అడుగుతారు, ఉచిత బస్సు టికెట్‌కూ అడుగుతారు. లాడ్జివాళ్లకు కాపీ ఇవ్వాల్సి వస్తే, మొదటి అంకెలు కనబడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసి పెట్టుకోండి.
- మనిషికి ఒక్క బ్యాగు, అదీ భుజానికి తగిలించుకునేది. చక్రాల పెట్టె తెస్తే నేను కింద చెప్పే శనివారం పొద్దుటి ఏర్పాటు కుదరదు.
- లీటరు నీళ్ల సీసాలు రెండు, టోపీ లేదా పెద్ద తువ్వాలు, సులువుగా విడిచి వేసుకునే చెప్పులు. గుళ్లలో ఎండకు కాలిన రాతిబండల మీద నడవాలి కాబట్టి పాత సాక్సు ఒక జత కూడా పెట్టుకోండి.
- పది, ఇరవై, యాభై నోట్లు కలిపి ఐదారు వందలు. ఫోన్లో డబ్బు పంపడం అన్నిచోట్లా నడుస్తుంది గానీ, సిగ్నల్ లేని చోట షేర్ ఆటో దిగి నిలబడితే ఆటో అతనికీ ఇబ్బందే, మీకూ ఇబ్బందే.
- ఒక తెల్లకాగితం, పెన్ను.

1. నెల చూసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మాకు మామూలే. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే ఆ రెండు నెలలు వదిలేయండి. మామిడిపళ్ల కోసం మేలో వస్తామంటే మాత్రం నేను కాదనను, బనగానపల్లె మామిడి మా పక్కదే. ఆగస్టు, సెప్టెంబరుల్లో పైన వానలు బాగా పడితే తుంగభద్ర నిండుగా పారుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ రోజుల్లో నదిలోకి దిగే ఆలోచన పెట్టుకోవద్దు.

దసరా తొమ్మిది రోజులూ, శివరాత్రికీ జోగులాంబ గుడి ఉన్న అలంపురంలో జనం కిక్కిరిసిపోతారు. దర్శనమే ముఖ్యమైతే అప్పుడే రండి. చెక్కడాలు నిదానంగా చూడాలంటే ఆ రోజులు వద్దు.

2. పట్టీ రాయండి, సగం కొట్టేయండి

అసలు పని ఇదే. దీనికి అరగంట కేటాయించండి.

కాగితం మీద చూడాలనుకున్న చోట్లన్నీ వరసగా రాసి, ఒక్కోదాని పక్కన మూడు గళ్లు గీయండి: ఎలా పోతాం, ఎలా తిరిగొస్తాం, మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కడుంటాం. మొదటి గడి అందరూ ఇట్టే నింపేస్తారు. రెండో గడిలో "ఏదో ఒకటి దొరుకుతుందిలే" అని రాయాల్సి వచ్చిందంటే ఆ చోటు కొట్టేయండి. మొహమాటం వద్దు.

ఎక్కువమంది పంపే పట్టీ ఇలా ఉంటుంది: కొండారెడ్డి బురుజు, అలంపురం, ఓర్వకల్లు, బెలుం గుహలు, యాగంటి, మంత్రాలయం, వీలైతే శ్రీశైలం. బెలుం, యాగంటి, మంత్రాలయం ఒక్కోటి కర్నూలు నుంచి అటుఇటుగా వంద కిలోమీటర్లు, అదీ తలా ఒక దిక్కు. శ్రీశైలం నూట ఎనభై. రెండు రోజుల్లో వీటిలో ఒక్కటి కలిపినా కారు మాట్లాడాలి. కారు మాట్లాడితే ఐదు వేల లెక్క అక్కడితో సరి. బెలుం గుహలు బాగుండవని కాదు, చాలా బాగుంటాయి. వాటికి వేరే శనివారం పెట్టుకోండి, యాగంటితో కలిపి.

చివరికి మీ పట్టీలో ఉండాల్సినవి నాలుగే: అలంపురం, కర్నూలు పాత ఊరు, జగన్నాథగట్టు, ఓర్వకల్లు రాక్ గార్డెన్. అన్నీ ముప్పై కిలోమీటర్ల లోపే.

3. డబ్బు ముందే పంచండి

ఇద్దరికి కలిపి నేను పెట్టే హద్దులు ఇవి. ధరలు మారుతుంటాయి కాబట్టి వీటిని ధరలుగా కాక, దాటకూడని గీతలుగా చూడండి.

రానూ పోనూ బస్సు: 1600
ఒక రాత్రి గది: 1200
తిండి, రెండు రోజులకు: 1200
లోపల తిరగడానికి: 700
ప్రవేశ టికెట్లు, టీలు, చెప్పుల దగ్గర చిల్లర: 300

మొత్తం 5000. దీనికి బయట ఇంకో ఐదు వందలు విడిగా మడిచి, పర్సులో కాక బ్యాగులో పెట్టండి. బస్సు తప్పిపోతేనో, ఒంట్లో బాగోలేకపోతేనో తప్ప దాన్ని ముట్టుకోకూడదు.

రైలులో జనరల్ టికెట్‌తో వస్తే మొదటి గీతలోనే దాదాపు వెయ్యి మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని గదికి కలపండి, తిండికి కాదు. మంచి నిద్ర పట్టకపోతే రెండో రోజు తిరగలేరు.

4. ప్రయాణం: బస్సా, రైలా?

హైదరాబాద్ నుంచి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల పది కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో నాలుగు, నాలుగున్నర గంటలు. రైలైతే తుంగభద్ర ఎక్స్‌ప్రెస్, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. తిరుపతి వైపు పోయే వెంకటాద్రి లాంటి రాత్రి బండ్లూ కర్నూలు సిటీ స్టేషన్‌లో ఆగుతాయి. కాకపోతే రాత్రి బండి మిమ్మల్ని తెల్లవారకముందే దించేస్తుంది. ఆ వేళకు గది తీసుకుంటే ఒక రోజు అద్దె ఎక్కువ పడుతుంది. చవకని ఎక్కిన రైలు అలా ఖరీదవుతుంది.

నా సలహా: పోయేటప్పుడు పొద్దున్నే బస్సు, వచ్చేటప్పుడు రైలు లేదా రిజర్వు చేసిన బస్సు. రైలు రిజర్వేషన్లు అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి. తత్కాల్ అయితే ప్రయాణానికి ముందురోజు, ఏసీకి పది గంటలకు, మిగతా తరగతులకు పదకొండుకు.

ఆడవాళ్ల ఉచిత ప్రయాణం గురించి చాలామంది పొరబడుతున్నారు, జాగ్రత్తగా చదవండి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి ఉంది. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు ఆ రాష్ట్ర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర సరిహద్దు దాకా చార్జీ లేదు, సరిహద్దు దాటాక చార్జీ కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. అది ఈ రాష్ట్రపు ఆడవాళ్లకు, రాష్ట్రం లోపల తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లోనే. పక్క రాష్ట్రంలోకి పోయే సర్వీసులకు వర్తించదు. అనంతపురం నుంచి వచ్చే అక్కచెల్లెళ్లకు కర్నూలు దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఖర్చే లేదు, అలంపురం తెలంగాణలో ఉంది కాబట్టి కర్నూలు నుంచి అక్కడికి పోవడానికి మాత్రం టికెట్ కొనాలి. సూపర్ లగ్జరీ ఎక్కితే ఈ రెండు పథకాలూ వర్తించవు.

5. గది: ఐదు ప్రశ్నలు అడగండి

కొత్త బస్టాండు చుట్టుపక్కల, రాజ్‌విహార్ వైపు మామూలు లాడ్జీలు దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో బొమ్మలు చూసి సరే అనుకోకుండా, ఫోన్ చేసి ఈ ఐదూ అడగండి:

చెకౌట్ ఇరవైనాలుగు గంటలదా, మధ్యాహ్నం పన్నెండుకా? శనివారం రెండింటికి దిగేవాళ్లకు ఇరవైనాలుగు గంటల లెక్క దొరికితే ఆదివారం మధ్యాహ్నం దాకా గది మీదే. ఎండ వేళ తల దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.
చెప్పిన అద్దెలో పన్ను కలిసిందా, విడిగానా?
వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా?
గది రోడ్డు వైపా, వెనక వైపా? బస్టాండు దగ్గర రాత్రంతా హారన్లు మోగుతుంటాయి, వెనక గదే అడగండి.
ఖాళీ చేశాక సాయంత్రం దాకా బ్యాగులు కౌంటర్ దగ్గర పెట్టుకోనిస్తారా?

ఈ ప్రశ్నలకు విసుక్కునేవాళ్ల దగ్గర గది తీసుకోవద్దు.

6. శనివారం పొద్దున: కర్నూలు కంటే ముందే దిగండి

హైదరాబాద్ నుంచి వస్తుంటే అలంపురం కర్నూలుకు ఇవతలే పడుతుంది. అయినా అందరూ కర్నూలు దాకా వచ్చి, గది తీసుకుని, మళ్లీ నది దాటి వెనక్కి పోతారు. డబ్బూ దండగ, పూటా దండగ. పొద్దున్నే ఆరు గంటలకల్లా బస్సెక్కి, హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగిపోండి. అక్కడి నుంచి అలంపురం పదీపన్నెండు కిలోమీటర్లు, షేర్ ఆటోలు, బస్సులు ఉంటాయి. తెలంగాణ ఆడవాళ్లకైతే ఎక్స్‌ప్రెస్‌లో ఇక్కడి దాకా చార్జీయే లేదు.

జాగ్రత్త: బస్సు ఎక్కేముందే "చౌరస్తాలో ఆపుతారా?" అని కండక్టర్‌ను అడగండి. ఎక్స్‌ప్రెస్‌లు ఆపుతాయి. లగ్జరీ బస్సులు ఆపకపోవచ్చు.

దక్షిణం నుంచి వచ్చేవాళ్లు నేరుగా కర్నూలులో దిగి, గదిలో బ్యాగులు పెట్టి, బస్టాండు నుంచి అలంపురం బస్సెక్కండి. ఇరవై ఏడు కిలోమీటర్లు. మీకు ఆదివారం పొద్దున అలంపురం, శనివారం ఓర్వకల్లు పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

అలంపురంలో ముందు జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం చేసుకోండి. మధ్యాహ్నం కొంతసేపు గుడి తలుపులు వేస్తారు కాబట్టి ఈ వరస మార్చొద్దు. అమ్మవారి పాత ఆలయం పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైంది. విగ్రహాన్ని బాలబ్రహ్మ ఆలయంలో దాచి పూజించుకుంటూ వచ్చారు. మళ్లీ గుడి కట్టి ప్రతిష్ఠించింది 2005లో. ఆ తర్వాత తీరిగ్గా నవబ్రహ్మ ఆలయాల చుట్టూ తిరగండి. ఏడో శతాబ్దపు బాదామి చాళుక్యుల కట్టడాలు. పేర్లన్నీ బ్రహ్మవి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. లోపలున్నది శివుడు. మన గోపురాలకు అలవాటుపడిన కంటికి ఈ శిఖరాలు కొత్తగా ఉంటాయి. ఉత్తరాదివాటిలా నిలువు గీతలతో వంపు తిరిగి, తలమీద ఉసిరికాయ ఆకారపు రాయి కూర్చుని ఉంటుంది.

స్వర్గబ్రహ్మ దగ్గర మిగతావాటికంటే ఎక్కువసేపు ఆగండి. గోడల మీది చెక్కడం అంతటిలోకీ అక్కడిదే గొప్ప. రాతిని జల్లెడలా తొలిచిన కిటికీలు ఉన్నాయే, వాటిని బయట నుంచి చూసి వదిలేయొద్దు. లోపలికి పోయి చీకట్లో రెండు నిమిషాలు నిలబడితే, ఆ తొలిచిన కంతల్లోంచి వెలుతురు నేల మీద ఎలా పడుతుందో కనబడుతుంది. నేను ఎన్నిసార్లు పోయినా ముందు అక్కడికే పోతాను.

ఓపికుంటే, కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా చూడండి. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండిన గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. పాపనాశనం గుళ్లు ఇంకొంచెం దూరం. ఎండ ముదిరితే వదిలేయండి.

ఒంటిగంట అయ్యేసరికి అలంపురం వదలాలి. నేరుగా కర్నూలు బస్సుంటే సరే, లేదంటే షేర్ ఆటోలో చౌరస్తాకు వచ్చి, హైవే మీద కర్నూలు పోయే ఏ బస్సయినా ఎక్కండి. పొద్దున అలంపురంలో దిగిన వెంటనే తిరుగు బస్సు వేళ అడిగి కాగితం మీద రెండో గడిలో రాసుకోవడం మరవొద్దు.

7. శనివారం సాయంత్రం: పాత ఊరు

రెండింటికల్లా ఊళ్లో దిగి, ప్లేట్ మీల్స్ తిని, గదిలో పడుకోండి. నిజంగానే పడుకోండి. నాలుగున్నర దాకా బయటికి రావద్దు.

కర్నూలు అసలు పేరు కందెనవోలు. అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, ఆ పేరు అలా వచ్చిందని మా పెద్దవాళ్లు చెప్తారు. పొద్దున ఆ గుళ్లు చూసి, సాయంత్రం ఈ ఊళ్లో దిగినవాళ్లకు ఆ కథ బాగా అర్థమవుతుంది.

షేర్ ఆటోలో పాత బస్టాండు వైపు పోతే కొండారెడ్డి బురుజు. విజయనగర కాలపు కోటలో మిగిలింది ఇదొక్కటే అన్నట్టు నడి ఊళ్లో నిలబడి ఉంటుంది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇందులో బంధించారని, ఇక్కడి నుంచి గద్వాల దాకా సొరంగం ఉందని చెప్పుకుంటారు. వెలుతురుండగానే పైకెక్కండి. పైనుంచి ఊరంతా కనబడుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మూడేళ్లు రాజధాని ఈ ఊరే, చాలినన్ని భవనాలు లేక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఊళ్లో ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని వినబడే పేర్లు ఆ రోజుల నాటివే.

అక్కడి నుంచి హంద్రీ నది ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్‌కు పోండి. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. పదిహేడో శతాబ్దం మొదట్లోది. పొద్దుగూకే వేళ ఆ గుమ్మటం మీద వెలుగు మెత్తగా ఉంటుంది. గోల్ గుంబజ్ చూడ్డానికి బీజాపూర్ దాకా పోలేనివాళ్లు దీన్ని తప్పక చూడాలి.

రాత్రికి జొన్నరొట్టె తినండి. చెనక్కాయ పచ్చడి, ఆకుకూర పప్పుతో. మాంసం తినేవాళ్లకు రాగిసంగటి, నాటుకోడి పులుసు. మొదటిసారి తినేవాళ్లు కారం ఒకపాలు తగ్గించమని చెప్పడంలో తప్పేమీ లేదు.

8. ఆదివారం: ఉగ్గాణి, గట్టు, రాళ్లు

పొద్దున ఏడు గంటలకల్లా ఉగ్గాణి బజ్జీ. ఇడ్లీ మీ ఊళ్లోనూ దొరుకుతుంది, ఇక్కడ అది అడగొద్దు. బొరుగుల్ని నీళ్లలో ముంచి వెంటనే పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. మంచి ఉగ్గాణిని గుర్తుపట్టడం సులువు: బొరుగు మెత్తబడి ఉండాలి, ముద్దకట్టకూడదు. చెంచాతో తీస్తే విడివిడిగా రాలాలి. జనం నిలబడి తింటున్న బండి చూసి ఆగండి. తొమ్మిది దాటితే అడుగున చల్లారినది మిగులుతుంది.

తర్వాత నంద్యాల రోడ్డు. జగన్నాథగట్టు, ఓర్వకల్లు రెండూ ఈ దారిలోనే. గట్టు మీద రూపాల సంగమేశ్వరాలయం ఉంది. కూడవెల్లి గుడిలాగే ఇది కూడా శ్రీశైలం నీళ్ల నుంచి తప్పించి తెచ్చిందే. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో పెద్దపెద్ద రాతి గుట్టలు, మధ్యన నీళ్లు. పిల్లలకు బాగా నచ్చుతుంది. గేటు తెరిచే వేళకు అక్కడుండేట్టు చూసుకోండి. పదకొండు దాటితే ఆ రాళ్లు సెగలు కక్కుతాయి.

పోయే పద్ధతులు రెండు.

ఇద్దరే అయితే: గట్టు వదిలేసి, నంద్యాల పల్లెవెలుగు ఎక్కి రాక్ గార్డెన్ దగ్గర దిగండి. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ నాకు జరిగింది చెప్తాను. ఒకసారి మా చిన్నాయన కూతురినీ, దాని ఇద్దరు పిల్లల్నీ తీసుకుని, ముందొచ్చిన బస్సు ఎక్కేశాను. స్టాపు అడగలేదు. ఆ బస్సు గార్డెన్ దగ్గర ఆగలేదు, ముందుకు పోయి దించింది. హైవే మీద నీడ లేదు. చిన్నదాన్ని ఎత్తుకుని వెనక్కి నడిచేసరికి పదకొండున్నర. పిల్లలకు లోపల తిరిగే ఓపికే మిగల్లేదు. అందుకే చెప్తున్నా, పల్లెవెలుగే ఎక్కండి, ఎక్కేముందే అడగండి.

నలుగురైతే: ఆటో మాట్లాడుకుని రెండూ చూడండి. నలుగురికి పంచితే భారం కాదు, ఇద్దరికైతే 700 గీత దాటుతుంది. బేరం ఇలా ఆడండి: "అన్నా, ఇక్కడి నుంచి జగన్నాథగట్టు, అక్కడ ముప్పావు గంట ఆగాలి. ఆ తర్వాత ఓర్వకల్లు రాక్ గార్డెన్, అక్కడ గంటన్నర. మళ్లీ బస్టాండు దగ్గర దించాలి. వెయిటింగ్ కలిపి మొత్తం ఎంత?" 'వెయిటింగ్ కలిపి' అన్న మాట తప్పకుండా అనాలి. ముగ్గురిని అడిగి, మధ్య రేటు చెప్పిన అతనితో పోండి. బాగా తక్కువ చెప్పిన అతను దారిలో వేరే సవారీ ఎక్కించుకునే అవకాశం ఎక్కువ. డబ్బు అంతా చివర్లోనే ఇవ్వండి. ఆయన ఎండలో మీకోసం కాచుకుంటాడు కాబట్టి టీ, టిఫిను మీతోపాటే పెట్టించండి.

9. తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ బస్సులు కిటకిటలాడతాయి. శంషాబాద్ దగ్గరకొచ్చేసరికి ట్రాఫిక్ వేరే. మూడు గంటలలోపు బయల్దేరండి, లేదా సీటు రిజర్వు చేసుకోండి. పన్నెండింటికి గదికి వచ్చి, స్నానం చేసి, భోంచేసి, బ్యాగు కట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఇంటికి ఏమన్నా పట్టుకుపోవాలంటే, పుల్లారెడ్డి నేతి మిఠాయిలు 1948లో మొదలైంది ఈ ఊళ్లోనే.

ఎక్కువమంది చేసే తప్పులు

శుక్రవారం రాత్రే బయల్దేరడం. ఒక రాత్రి గది అద్దె మిగులుతుందనుకుంటారు. తెల్లవారుజామున దిగి, నిద్రలేక, గది అద్దె ఒక రోజు ఎక్కువ కట్టి, శనివారం సాయంత్రానికి చతికిలబడతారు.

గూగుల్ మ్యాప్‌లో దూరం చూసి వేళ లెక్కేయడం. మ్యాప్ చెప్పేది సొంత కారు లెక్క. బస్సులో తిరిగేవాళ్లు దానికి రెట్టింపు వేసుకోవాలి, ఎదురుచూడ్డం కూడా ప్రయాణంలో భాగమే.

మధ్యాహ్నం గుడి మూసే వేళకు చేరడం. దీనివల్ల ఒక పూట పోతుంది, పూటతోపాటు తిరుగు బస్సు కూడా.

అన్ని పూటలూ హోటల్లోనే తినాలనుకోవడం. సగం తిండి ఖర్చు నీళ్ల సీసాలకు, కూల్‌డ్రింకులకే పోతుంది. పొద్దున గదిలోనే సీసాలు నింపుకోండి. ఎండాకాలమైతే మజ్జిగ తాగండి.

సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

గురువారం రాత్రి కాగితం తీయండి. నాలుగు చోట్లకూ మూడు గళ్లూ నిండి ఉన్నాయా? లాడ్జికి మళ్లీ ఫోన్ చేసి, పేరు, తేదీ, అద్దె వాళ్ల నోటితో చెప్పించుకున్నారా? తిరుగు టికెట్ మెసేజ్ ఇద్దరి ఫోన్లలోనూ ఉందా? వాన సూచన చూశారా? ఒక్కదానికి 'లేదు' అని వచ్చినా శుక్రవారం దాన్ని సరిచేయండి, శనివారం దారిలో కాదు.

శనివారం రాత్రి జొన్నరొట్టె తిన్నాక లెక్క చూడండి. గది, పోయే చార్జీ, ఒక రోజు తిండి, అలంపురం ఖర్చు కలిపి 3000 లోపు ఉంటే మీ లెక్క దారిలోనే ఉంది. 3300 దాటితే ఆదివారం ఆటో ఆలోచన మానేసి పల్లెవెలుగు ఎక్కండి. 2700 లోపే ఉంటే గట్టు కూడా కలుపుకోండి. వచ్చేటప్పుడు రాజ్‌విహార్ దగ్గర ఆగి అరకిలో మిఠాయి తీసుకోండి.